కంచె లేని యాటస్థలములు

మేము ఆమ్‌స్టర్‌డాం నగరమునకు కాపురము వచ్చినది 2020వ సంవత్సరపు శరదృతువున. అప్పటికి మా యమ్మాయికి మూడేండ్లు నిండి రెండు నెలలు. కరోనా వ్యాధి మూలమున పుస్తకశాలలు, ప్రదర్శనశాలలు ఒకదాని వెంట నొకటి తలుపులు మూయుచుండెను. మావారు ఇంటిలోనే మేజాబల్ల ముందు కూర్చుండి తమ యుద్యోగము నెఱవేర్చుచుండిరి. మూడవ యంతస్తులోని రెండు గదుల యింట పసిపిల్లను ఉదయము మొదలు సాయంకాలము వఱకు సద్దు చేయకుండ కూర్చుండబెట్టుట యెవరి తరము? కావున ప్రతిదినము మధ్యాహ్నము దాని చేయి పట్టుకొని వీధుల వెంట బయలుదేరుట నాకు నిత్యవిధి యయ్యెను. నగరమును చూడవలెనని కాదు. ఆటకు చోటు వెదకుకొనుటకు.

వెదకబనిలేదని రెండు మూడు దినములలోనే తెలిసినది. నాలుగు వీధులు దాటునంతలో నేదో యొక చిన్న ఖాళీస్థలము. దానిలో నొక ఇసుక గుంట. గుంట చుట్టు మూరెడు వెడల్పున సిమెంటు గట్టు. ఒక మూల పీటలవలె గుండ్రని సిమెంటు దిమ్మలు నాలుగో యైదో. మఱియొక మూల పిల్లలు వ్రేలాడి పల్టీలు కొట్టుటకు ఎత్తు తగ్గుగా మూడు కడ్డీలు. కొన్నిచోట్ల బోర్లించిన కోళ్లగంపవంటి కడ్డీల గూడొకటి. ఇంతే. పేరు వ్రాసిన పలక లేదు, రుసుము లేదు, లోనికి పోవుటకు ద్వారమే లేదు. ఏ ప్రక్కనుండి యైనను నడచి రావచ్చును.

మొదట నాకివి నచ్చలేదని యొప్పుకొందును. మన పట్టణములలో పురపాలక సంఘమువారు పిల్లలతోట వేసినచో నందొక సిమెంటు ఏనుగు, ఏనుగు తొండమే జారుబల్ల, రంగు వేసిన నెమలి, నడుమ నెవరిదో విగ్రహము, చుట్టు ఊచల కంచె, ద్వారమునకు తాళము, తాళపుచెవితో నొక కావలివాడు ఉండవలెను గదా. ఇచ్చట ఏనుగు లేదు, కంచె లేదు, కావలివాడును లేడు. ఇంత ధనము గల నగరమునకు పిల్లల విషయమున నింత లోభమా యనుకొంటిని. మా యమ్మాయికి మాత్రము లోభము కనబడలేదు. ఆ దిమ్మలు దానికి ఒకనాడు అరుగులు, ఒకనాడు ఏటిలోని రాళ్లు, మఱొకనాడు రైలుపెట్టెలు. ఇసుక గుంట గట్టు మీద గుజ్జనగూళ్లు వండి నాకు వడ్డించెడిది. చీకటి పడినను రానని మొండికెత్తెడిది. ఏనుగుబొమ్మ యేనాటికిని ఏనుగే. దిమ్మ యట్లు కాదు. ఈ యల్పవిషయము నాకు తట్టుటకు నెల పట్టినది.

వానిని రూపించినవానికది 1947లోనే తట్టినది. ఆయన ఆల్డో వాన్ ఐక్ అను వాస్తుశిల్పి. 1918లో హాలండులో జన్మించి, ఇంగ్లండులో పెరిగి, స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరమున విద్య ముగించి, యుద్ధానంతరము 1946లో ఆమ్‌స్టర్‌డాం పురపాలక మరామతు శాఖలో చిన్న యుద్యోగమున చేరెను. ఆ శాఖలోని నగరనిర్మాణ విభాగమున యకోబా మూల్డర్ అను స్త్రీ పైయుద్యోగములో నుండెను. 1900లో పుట్టిన యీమె నగరపుటంచున నున్న గొప్ప వనమును రూపొందించినవారిలో నొకతె; తరువాత 1958లో ఆ విభాగమున కంతటికి నధికారిణి యయ్యెను. వాన్ ఐక్ పేరు ప్రపంచమంతటను ప్రసిద్ధము. మూల్డర్ పేరు ఆ విద్య చదివినవారిలో సైతము పలువు రెఱుగరు. ఈ యాటస్థలముల ప్రస్తావన వచ్చినపుడు ఆమె పేరు ముందు చెప్పవలెనని నా పట్టుదల. తన యింటి చెంత నొక పసిపిల్ల వీధిచెట్టు మొదట నున్న పిడికెడు మంటిని త్రవ్వుకొని యాడుటయు, కుక్కలు వచ్చి యా మంటినే పాడుచేయుటయు ఆమె చూచెననియు, అప్పుడే యీ తలంపు పుట్టెననియు నొక కథ చెప్పుదురు. కథ మాట యెట్లున్నను బెర్టెల్‌మన్ ప్లేయిన్ అను చిన్న కూడలిలో 1947లో నిర్మింపబడిన మొదటి యాటస్థలము ఆమె ప్రేరణచేతనే వెలసినది. ఒక యిసుక గుంట, నాలుగు గుండ్రని రాళ్లు, పల్టీల కడ్డీలు, చుట్టు చెట్లు, పెద్దలు కూర్చుండుటకు బల్లలు. అంతకుమించి యందేమియు లేదు.

అంతకుమించి పెట్టుటకు నగరమునొద్ద ఏమియు లేదు గూడ. ఆమ్‌స్టర్‌డాం 1940 మే నెల మొదలు 1945 మే నెల వఱకు జర్మను సేనల వశమున నుండెను. చివరి శీతకాలమున, అనగా 1944-45లో, తిండియు బొగ్గును రాక నిలిచిపోయి దేశపు పడమటి పట్టణములలో సుమారు 20,000 మంది యాకలిచే మరణించిరి. జనులు టులిప్ పూల దుంపలు ఉడికించుకొని తినిరి. పొయ్యిలోనికి పుల్ల లేక వీధిచెట్లు కొట్టిరి. ట్రాముపట్టాల నడుమ పఱచిన కొయ్యదిమ్మలు పెల్లగించిరి. మనుష్యులు లేక పడియున్న యిండ్ల దూలములు, మెట్లు, తలుపులు ఊడదీసికొని పోయిరి. దూలములు పోయిన యిండ్లు కూలినవి. వరుసగా నున్న యిండ్ల నడుమ, పన్ను ఊడిన చోటువలె, సందులు మిగిలినవి. ఆ యిండ్లలో మనుష్యులు ఏల లేకపోయిరో ముందు చెప్పెదను.

బెర్టెల్‌మన్ ప్లేయినును చూచిన యిరుగుపొరుగు వీధులవారు తమకును అట్టిది కావలెనని పురపాలక సంఘమునకు జాబులు వ్రాయ మొదలిడిరి. మా పిల్లలకు ఆడుకొన చోటు లేదు. మా వీధి చివర నొక పాడుబడిన స్థలమున్నది. అచ్చట నొక యిసుక గుంట వేయింపుడు — ఇట్లు గృహస్థులు వ్రాయుట, శాఖవారు పోయి స్థలము చూచుట, వాన్ ఐక్ ఆ స్థలమునకు తగినట్లు పటము గీయుట. ఈ విధముగా 1947 మొదలు 1978 వఱకు ఏడు వందలకు పైగా ఆటస్థలములు వెలసినవి. ఏ గొప్ప ప్రణాళికయు దీనికి ముందుగా లేదు. పెద్ద మైదానములు కొని చదును చేయలేదు. ఎవరికిని పనికిరాక మిగిలిన త్రికోణములు, గోడవారలు, రెండు వీధులు కలియుచోటి మిగులు నేలలు — ఇవియే పిల్లలకు దక్కినవి. ఉపకరణము లన్నిట నవియే. కాని కూర్పు ఒకదానివలె నొకటి లేదు. అవే చుక్కలతో వేఱు వేఱు ముగ్గులు పెట్టు మన యింటి స్త్రీల కిందులో నాశ్చర్యము తోపదు.

ఇసుకతో పిల్లల నాడించుట ఆమ్‌స్టర్‌డాము కనిపెట్టినది కాదు. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1840లో కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టి శిశువులకు ఆటయే చదువని బోధించెను. ఇట్టి బోధలో నేమి విప్లవము కనబడెనో గాని ప్రష్యా ప్రభుత్వమువారు 1851లో శిశుపాఠశాలలను నిషేధించి 1860 వఱకు ఆ నిషేధమును ఎత్తివేయలేదు. మరి కొంతకాలమునకు బెర్లిన్ నగరపు తోటలలో పేద పిల్లలకై ఇసుక పోగులు వెలసినవి. వానిని చూచి మేరీ జక్‌ర్‌జెవ్‌స్కా అను వైద్యురాలు అమెరికాలోని తన మిత్రురాండ్రకు జాబు వ్రాసెను. 1885లో బోస్టన్ నగరమున నొక ప్రార్థనామందిరపు ముంగిట బండెడు ఇసుక పోయించిరి. అమెరికాలోని ఆటస్థలముల చరిత్ర ఆ పోగుతో మొదలిడుదురు. డెన్మార్కులో 1943లో, అదియును జర్మనుల వశమున నున్న దినములలోనే, కోపెన్‌హాగెన్ చేరువ ఎండ్రుప్ అనుచోట విఱిగిన పలకలు, పాత చక్రములు, మేకులు, సుత్తెలు పిల్లల కప్పగించి కట్టుకొమ్మనిరి. ఎక్కడ చూచినను ఈ కథ జాబులతోను, మిగులు వస్తువులతోను నడచినదేగాని భాగ్యవంతుల దానములతో నడచినది తక్కువ.

ఇచ్చట నొక ముక్క యధికముగా చెప్పుటకు చదువరులు మన్నింతురు గాక. ఆటను గూర్చి యూరపులో వెలువడిన మిక్కిలి గంభీరమైన గ్రంథము 1938లో హాలండులోనే పుట్టినది. అది యోహాన్ హౌజింగా వ్రాసిన ‘హోమో లూడెన్స్’. నాగరకతకు ఆట అలంకారము కాదు, పునాదియే యని ఆయన వాదము. ఈ చరిత్రకారుడు తొలుత సంస్కృత పండితుడు! 1897లో డాక్టరు పట్టమునకై వ్రాసిన వ్యాసము మన నాటకములలోని విదూషకుని గూర్చి. తరువాత ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయమున భారతీయ ప్రాచీన చరిత్ర బోధించెను. క్రీడ, లీల మున్నగు మన పదములను ఆ గ్రంథమున విచారించియున్నాడు. దేవుని సృష్టియే లీల యని నమ్మిన మన యిండ్లలో, సృష్టిలోని పిల్లలు ఆడుకొన్నచో కాలము వ్యర్థమని మందలింపు! జర్మనులను విమర్శించినందుకు ఆయనను 1942లో నిర్బంధించిరి. విడుదలైనను తన యూరికి పోనీయలేదు. 1945 ఫిబ్రవరిలో, దేశమునకు విముక్తి కలుగుటకు మూడు నెలలు ముందు, ఆయన మరణించెను.

ఇక కంచె మాట. యుద్ధమునకు పూర్వము ఆమ్‌స్టర్‌డాంలో ఆటస్థలములు లేకపోలేదు. అవి సంఘములవారివి. చందా కట్టినవారి పిల్లలకే ప్రవేశము. చుట్టు కంచె, లోన నొక పర్యవేక్షకుడు. ఆ సంఘములను కార్మిక గృహస్థులే శ్రమపడి పెంచుకొనిరి గనుక వానిని నిందింపను. కాని కంచె యనునది ఒకసారి యున్న తరువాత దాని ద్వారమున ఎవరు నిలుచుందురో ఎవరును నిర్ణయింపలేరు. 1941 సెప్టెంబరులో జర్మను అధికారులు యూదులు ఉద్యానములలోను, కాఫీశాలలలోను, జంతుశాలలోను అడుగుపెట్టరాదని శాసించిరి. అంతవఱకు ఆ యుద్యానములలో నందఱితో గూడ ఆడిన పిల్లలు ఒక యుదయమున ద్వారము కడ పలక చదివి వెనుకకు మరలవలసివచ్చెను.

1940లో ఆ నగరమున సుమారు 80,000 మంది యూదులుండిరి. 1942 వేసవి మొదలు వారిని రైళ్లలో తూర్పుదిక్కునకు తరలించిరి. వారిలో నధికసంఖ్యాకులు తిరిగి రాలేదు. ఖాళీపడిన యిండ్లు వారివే. శీతకాలమున దూలములు ఊడదీయబడినవి వారి ప్రాత పేటలోని యిండ్లే. న్యూమార్క్టు ప్రాంతమున డైక్‌స్ట్రాట్ అను ఇఱుకు వీధిలో, ఇండ్ల నడుమ మిగిలిన యొక సందులో, 1954లో వాన్ ఐక్ ఆటస్థలము కట్టెను. ఆ కాలపు ఛాయాచిత్రములు ప్రసిద్ధములు: రెండు ప్రక్కల దిక్కులేని ఎత్తైన గోడలు, నడుమ నిసుక, ఇసుకలో పిల్లలు. గోడలకు చెట్టు లేదు, పూవు లేదు. ఆ చిత్రమును నేను పలుమాఱులు చూచితిని. ఎవరి యిల్లు పడిపోగా ఎవరి పిల్లలు ఆడుచున్నారో తెలిసిన తరువాత ఆ చిత్రమును సంతోషముతో చూడజాలము, చూడకుండ నుండజాలము. కంచె లేకుండ కట్టుటకును ఆ నిషేధమునకును సంబంధము కలదని నేను వాదింపను. వాన్ ఐక్ కంచె వలదనుటకు కారణము వేఱు: ఆటస్థలము నగరమునుండి వేఱుచేసిన దొడ్డి కారాదని, పిల్లవాడు నగరములోనే యుండవలెనని ఆయన యభిప్రాయము. కాని కారణ మేదైనను, పలక తగిలించుటకు ద్వారమే లేని చోటులు ఆ నగరమున ఏడు వందలైనవి.

2021 సెప్టెంబరులో ఆ నగరమున నొక స్మారకము తెఱచిరి. హాలండునుండి కొనిపోబడి చంపబడిన 1,02,000 మందికి పైగా మనుష్యుల పేర్లు, ఒక్కొక్క యిటుకపై నొక్కొక్కటి. పేరు, జన్మదినము, మరణించునాటి వయస్సు. ఆ శీతకాలమున మేమచ్చటికి పోయితిమి. మా యమ్మాయి యప్పుడప్పుడే అంకెలు నేర్చుకొనుచుండెను. గోడవెంట నడచుచు తనకు తెలిసిన అంకెలు గుఱుతించి పైకి చదువుట దాని కొక యాట యయ్యెను. ఒక యిటుకపై వ్రేలుంచి, "అమ్మా, నాలుగు! నా నాలుగు!" అనెను. నేను దాని వ్రేలు తీయలేదు. ఏమి చెప్పవలెనో తోచక, "ఔను, నాలుగే" యంటిని.

మెర్వెడె ప్లేయిన్ అను మూడుకోణముల పచ్చికబయలు మా యింటికి నడకదూరములో నుండెను. 1934 మొదలు 1942 జూలైలో దాగుటకు పోవునంతవఱకు ఆన్ ఫ్రాంకు ఆడుకొన్న చోటది. డైరీ చదివినవారందఱు ఆమె దాగియున్న యింటినే తలతురు. నేనును అంతే. ఆమె ఎనిమిదేండ్లు పిల్లలను పోగుచేసికొని ఆడిన బయలు, ఇప్పటికిని పిల్లలు ఆడుచునేయున్న బయలు, ఒకటి యున్నదని నాకు తోచియుండలేదు.

ఇంతవఱకు ఇతరుల కంచెలను గూర్చి చెప్పితిని. నాది చెప్పకున్న నీ వ్యాసము కపటమగును. మాది గోదావరి కాలువల దేశమున నొక పల్లె. గుడిముందఱ ఇసుక మైదానమున్నది. మేము అందు తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు ఆడెడివారము. కాలువగట్టు ఆవల మాలపల్లె. ఆ పిల్లలు గట్టుమీద వరుసగా కూర్చుండి మా యాట చూచెడివారు. అచ్చట కంచె లేదు, పలక లేదు. మా నాయనమ్మ వీధియరుగుమీద కూర్చుండుటయే చాలు. ఒకనాడు ఆ పిల్లలలో నొకతె దిగివచ్చి నా బిళ్ల అందిచ్చినది. నేను పుచ్చుకొంటిని. ఆ సాయంకాలము బావికడ నాకు తలమీద నీళ్లు పోసిరి. ఎందుకని యడుగలేదు, పిల్లలకు అన్నియు తెలిసినట్లే యుండును. ఇది నూఱేండ్లనాటి మాట కాదు. నాకు నిండ నలువదియేండ్లు లేవు.

ఆ నీళ్లు నన్నింకను విడువలేదని ఇసుక గుంట గట్టుమీద తెలిసినది. ప్రతిదినము వచ్చు పిల్లలలో డచ్చివారు, తురకదేశమువారు, మొరాకోవారు, సూరినాంవారు ఉండిరి. సూరినాం దక్షిణ అమెరికాలో 1975 వఱకు డచ్చివారి పాలనలో నుండిన దేశము. 1873 మొదలు 1916 వఱకు సుమారు 34,000 మంది మన హిందూస్థానపు కూలీలను చెఱకు తోటలకై ఓడలలో అచ్చటికి కొనిపోయిరి. వారి సంతతివారు స్వాతంత్ర్యము వచ్చిన కాలమున వేలకొలది హాలండునకు వచ్చిరి. అట్టి కుటుంబములోని యొక యవ్వ తన మనుమనితో వచ్చెడిది. ఆమె మాట భోజపురికి దగ్గఱ. నా హిందీ తెలుగునకు దగ్గఱ. ఎట్లో మాటలు నడచెడివి. ఒకనాడు ఆమె డబ్బా విప్పి, ఇసుక చేతులతోనే నిలుచున్న మా యమ్మాయి నోటికి పప్పు పూర్ణము పెట్టిన రొట్టె ముక్క అందిచ్చెను. నా చేయి నాకు తెలియకుండనే ముందునకు పోయినది. ఇసుక చేతులని సాకు చెప్పవచ్చును. వ్యాధి దినములని యంతకంటె మంచి సాకు కలదు. కాని ఆ క్షణమున నా మనస్సులో మెదలిన ప్రశ్న వేఱు: వీరెవరో! ఏ పల్లెనుండి, ఏ కులమునుండి ఓడ యెక్కిన వారో! సముద్రము దాటి నూఱేండ్లు గడచి, తామెవరో తాము మఱచిపోయిన వారిని గూర్చి నాకు కలిగిన విచారమిది. అవ్వ నా చేతిని చూచెను. ఏమియు ననలేదు, రెండవ ముక్క విఱిచి నాకు పెట్టెను. తింటిని. మన బొబ్బట్టువంటిదే, తీపి మాత్రము లేదు.

పల్టీల కడ్డీలను గూర్చి యొక మాట. వానిపై ఎక్కువగా నాడువారు ఆడపిల్లలు. ఎనిమిది మొదలు పదుమూడేండ్ల వఱకుగల బాలికలు మోకాళ్లతో కడ్డీని పట్టి తలక్రిందులుగా వ్రేలాడుచు, జడలు నేల నూడ్చుచుండ, గంటలకొలది కబుర్లు చెప్పుకొనెడివారు. పోవు వచ్చు వారిలో నెవరును తల త్రిప్పి చూడరు. నేను చూచెడిదానను. పండ్రెండవ యేట నన్ను మూలగదిలో చాపమీద కూర్చుండబెట్టిన దినముతో నా తొక్కుడుబిళ్ల ముగిసినది. పదునొకండవ నాడు తలంటి బయటికి పంపిరి; కాని మైదానమునకు కాదు. నా తమ్ముడు ఇరువదియేండ్లు వచ్చువఱకు అందే యాడెను. మా యమ్మాయి నాలుగున్నర యేండ్లకు తక్కువ యెత్తు కడ్డీపై మొదటి పల్టీ కొట్టినది. ముక్కు చిట్లినది. నేను పరుగెత్తబోగా ప్రక్కనున్న యొక తల్లి నా మోచేయి మెల్లగా పట్టుకొనెను. పిల్ల లేచి, రక్తము చేతితో తుడుచుకొని, మఱల కడ్డీ పట్టినది. ఆ దేశపు తల్లుల నిబ్బరము నాకు ఎల్లప్పుడును నచ్చినదని చెప్పను. వానలో తడిసిన పిల్లను చూచియు కదలకుండుట నాకిప్పటికిని క్రూరముగానే తోచును. కాని ఆనాడు నన్ను పట్టుకొన్నందుకు కృతజ్ఞురాలను.

ఆటస్థలములు కట్టినంతమాత్రమున పిల్లలకు నగరము దక్కలేదు. 1950 తరువాత మోటారుకార్లు పెరిగినవి. ఇసుక గుంటకు పోవు దారియే ప్రాణాపాయ మయ్యెను. 1971లో ఆ చిన్న దేశమున వాహన ప్రమాదములందు 3,000 మందికి పైగా మరణించిరి; వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. మఱుసటి సంవత్సరము డె పైప్ అను కార్మికుల పేటలోని పిల్లలు తమ వీధిలో కార్లు పోరాదని సంతకములు పోగుచేసి, దారికి అడ్డముగా నిలిచిరి. పెద్దవారు కొందఱు కారులు దిగివచ్చి వారిని గద్దించిరి. ఆ దృశ్యములు టెలివిజనులో వచ్చినవి. శిశుహత్య మానుడు అను అర్థము గల పేరుతో తల్లిదండ్రులు ఉద్యమము నడపిరి. ఆ పేరు కటువని యన్నవారు లేకపోలేదు; నాలుగు వందల శవపేటికలకంటె కటువా? 1976లో నివాసవీధులను గూర్చి చట్టము వచ్చెను: అట్టి వీధిలో కారు మనిషి నడకకు మించి పోరాదు, పిల్లలు వీధి మధ్యను ఆడవచ్చును. నేడు లోకులు మెచ్చుకొను ఆమ్‌స్టర్‌డాం సైకిళ్లు, నిశ్శబ్దమైన వీధులు, ఆ దేశపు స్వభావమువలన వచ్చినవి కావు.

వాన్ ఐక్ కట్టినవానిలో నేడు ఎక్కువ భాగము లేవు. కొన్ని స్థలములలో ఇండ్లు లేచినవి. కొన్నిట రంగురంగుల క్రొత్త పరికరములు, క్రింద మెత్తని రబ్బరు పఱపులు వచ్చినవి. ఆయన 1999లో మరణించెను. 2013లో నగరమునందలి గొప్ప ప్రదర్శనశాల యగు రైక్స్ మ్యూజియం వారు ఆయన కడ్డీల గూళ్లు కొన్ని తెచ్చి తమ తోటలో నిలిపిరి. ఇవి కళాఖండములని గౌరవించిరన్నమాట. అదృష్టవశమున పిల్లలకీ గౌరవము సంగతి తెలియదు, ఎక్కి కూర్చుందురు. అయినను ఆ తోటకు ఊచల కంచె యున్నది, సాయంకాలము ద్వారము మూయుదురు. మా యమ్మాయికి మా వీధి చివరి గుంటయే యిష్టము.

మేమక్కడ గడపిన మొదటి శీతకాలమున, 2021 ఫిబ్రవరి 7వ తేదీన, మంచుతుపాను వచ్చెను. వ్యాధి మూలమున రెండు నెలలుగా మూసియుండిన బడులు మఱునాడు తెఱవవలసియుండెను. మంచుచే కొన్నియెడల అదియు సాగలేదు. ఉదయము కిటికీ తెఱచి చూడగా కార్లు దిబ్బలై యున్నవి, దారియు అరుగును ఒక్కటై యున్నవి, వీధి పొడవునను పిల్లలే. మంచు కురిసినపుడు నగరము పిల్లల వశమగును, ఆ వేళ వారే దొరలు, అని వాన్ ఐక్ ఒకచో వ్రాసెను. మంచు కరగిపోవును గనుక మంచుకంటె స్థిరమైనది యేదైన వారికి కట్టవలెనని ఆయన వాదము. అప్పటికి నేనది చదువలేదు. పిల్లకు రెండు జతల మేజోళ్లు తొడిగి క్రిందికి దింపితిని. జన్మములో తొలిసారి మంచు చూచిన తల్లియు పిల్లయు! దిమ్మలు కనబడలేదు, గుంట కనబడలేదు. అంతయు తెల్లని పఱపు. అది నా చేయి విడిపించుకొని, మోకాటి లోతు మంచులో పడుచు లేచుచు, ఒకచో ఆగి కాలితో తన్ని చూచెను. సిమెంటు గట్టు తగిలినది. దానిమీద కూర్చుండి, ప్రక్కన చేత్తో తుడిచి నాకు చోటు చేసెను.